ఉన్న ఊళ్లోనే ఎరగని పేట: సెలవు రోజున చూసి రావడం ఎలా?

"ఆదివారం వస్తే నల్లగొండలో చూడ్డానికి ఏముందండీ?" అని అడిగేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లు. సాగర్ డ్యాం చూసేశారు. యాదగిరిగుట్టకు పోయొచ్చారు. చెర్వుగట్టుకు అమావాస్య రాత్రి కూడా వెళ్లి నిద్ర చేసి వచ్చారు. సొంత ఊళ్లో మాత్రం హైదరాబాద్ రోడ్డు, గడియారం సెంటర్, బస్టాండు దాటితే ఏ గల్లీ ఎటు పోతుందో తెలియదు. పానగల్లు అంటే శివరాత్రికి బండి మీద వెళ్లి దండం పెట్టుకుని వచ్చిన చోటు, అంతే. మహబూబ్‌నగర్ నుంచి అడిగేవాళ్లదీ ఇదే వరుస: "పిల్లలమర్రి చూశాం, ఇంకేముంది?"

ఒక్క సెలవు రోజు, ఒక్క పేట, కాలినడక. ఇంతే మన పని. ఉదాహరణకు పానగల్లును తీసుకుంటున్నాను. గడియారం సెంటర్ నుంచి సుమారు 4 కిలోమీటర్లు. పట్టణంలో కలిసిపోయినా గుడి, చెరువు, కట్ట, పొలం ఇంకా పక్కపక్కనే ఉన్నాయి. మీది వేరే ఊరైతే ఆ పేరు తీసి మీ పేట పేరు పెట్టుకోండి. చివర్లో పాలమూరు, గద్వాల, వనపర్తి, దేవరకొండ వాళ్లకు విడిగా నాలుగు మాటలు రాశాను.

దగ్గర ఉండాల్సినవి

- విప్పడానికీ వేసుకోవడానికీ తేలిగ్గా ఉండే శాండిల్స్. గుడి, దర్గా, ఎవరిదో ఇల్లు, ఇలా రోజంతా విప్పుతూనే ఉంటారు. లేసులున్న బూట్లయితే మధ్యాహ్నానికి విసుగొస్తుంది.
- లీటరు నీళ్ల సీసా. దారిలో బోరింగు కనిపించిందని దోసిలి పట్టకండి. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. సీసా అయిపోతే హోటల్లోనో ఎవరింట్లోనో తాగునీళ్లు అడగండి, లేదనరు.
- చిల్లర. చాయ్ బండి మీద కూడా స్కానర్ ఉంటోంది గానీ పూల అవ్వ దగ్గర, హుండీ దగ్గర పది రూపాయల నోటే నడుస్తుంది.
- దస్తీ లేదా పల్చటి తువ్వాలు. ఎండకు, చెమటకు, దర్గాలో తల మీద కప్పుకోవడానికి మూడింటికీ అదే.
- చిన్న టార్చి. ఫోన్ లైటుతోనూ పని అవుతుంది గానీ బ్యాటరీ తింటుంది.
- జేబులో పట్టే నోట్‌బుక్కు, పెన్ను.
- ఆడవాళ్లయితే ఆధార్ కార్డు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు టికెట్ లేదు, కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు.

పెద్ద కెమెరా వద్దు. మెడలో అది వేలాడుతుంటే జనం మీతో మాట్లాడరు, పోజులిస్తారు. లేదంటే సర్వేకు వచ్చారనుకుంటారు. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్న చోట సర్వే అనుమానం వచ్చిందంటే ఇక ఆ గల్లీలో మీకు చాయ్ కూడా దొరకదు.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయి. మార్చి దాటితే ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకల్లా నీడ పట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండతో పంతానికి పోవద్దు, రోజును ఉదయం సగం, సాయంత్రం సగంగా చీల్చుకోండి. వానాకాలంలో చెరువు బాగుంటుంది, పొలం గట్లు మాత్రం జారుతాయి.

వారం సెలవు మామూలు పనిదినాన దొరికితే అదృష్టం. ఆదివారం పొద్దున పేట అంతా మటన్ షాపు ముందు క్యూలో ఉంటుంది, పదకొండు దాటితే ఇళ్లలో వంట, ఆపైన నిద్ర. సోమవారం, కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో శివాలయాలు కిటకిటలాడతాయి. జనాన్ని చూడాలంటే అప్పుడు వెళ్లండి, శిల్పం చూడాలంటే అప్పుడు వెళ్లకండి. మ్యూజియం లాంటివి ఉంటే వారంలో ఏ రోజు మూస్తారో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.

1. పేటను ఎంచుకుని హద్దు గీయండి

మ్యాపు తెరిచి, ఒక కొస నుంచి ఇంకో కొసకు అరగంటలో నడవగలిగినంత ముక్కను మాత్రమే తీసుకోండి. "ఈరోజు నల్లగొండ అంతా చూస్తా" అనుకున్నవాళ్లు సాయంత్రానికి ఆటో కిరాయిలు తప్ప ఏమీ చూడరు. ఎంపికకు నేను చెప్పే కొలత ఒక్కటే: అక్కడ పాతది ఏదైనా ఉండాలి, నీళ్లు ఉండాలి, జనం నివసిస్తూ ఉండాలి. కొత్త వెంచర్లు, గేటెడ్ కాలనీలు ఈ పనికి పనికిరావు. అక్కడ వాచ్‌మన్ తప్ప మాట్లాడే మనిషి దొరకడు.

పానగల్లు ఈ మూడింటికీ సరిపోతుంది. దూరం వద్దనుకుంటే గడియారం సెంటర్ నుంచి పాతబస్తీ మీదుగా లతీఫ్ సాహెబ్ గుట్ట దాకా ఉన్న ముక్క తీసుకోండి. గుట్ట ఎక్కితే దర్గా, కింద ఊరంతా పరిచినట్టు కనిపిస్తుంది. ఎదురుగా కాపురాల గుట్ట. పైనుంచి ముందు ఊరిని చూసి, ఆ తర్వాత దిగి గల్లీల్లో నడవడం కూడా మంచి పద్ధతే.

2. ఒకే ఒక ప్రశ్న పట్టుకోండి

ముందురోజు రాత్రి చేయాల్సిన పని ఇదొక్కటే. ఆ పేట గురించి మీకు నిజంగా తెలుసుకోవాలనున్న ప్రశ్న ఒకటి నోట్‌బుక్కులో రాసుకోండి. "ఈ చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" "ఈ బజారులో అన్నిటికంటే పాత దుకాణం ఏది?" "ఇక్కడ నేత నేసేవాళ్లు ఇంకా ఉన్నారా?" ఇలాంటివి.

ప్రశ్న ఎందుకంటే, ఊరికే తిరిగే మనిషిని మన దగ్గర అనుమానంగా చూస్తారు. ఏదో వెతుక్కుంటూ వచ్చిన మనిషికి దారి చూపిస్తారు. నలుగురైదుగురు కలిసి వాదించుకుని మరీ చూపిస్తారు.

వికీపీడియా అంతా చదివి వెళ్లకండి. చదివింది అక్కడ ఉందో లేదో సరిచూసుకోవడంలోనే రోజు గడిచిపోతుంది. చదవాల్సింది ఉంటే రాత్రి వచ్చాక చదవండి, అప్పుడు బాగా ఎక్కుతుంది.

3. గుడి ముందు కాదు, ఊరి మొదట్లో దిగండి

షేర్ ఆటో ఎక్కేముందే కిరాయి అడగండి. డ్రైవరన్న మామూలుగా "గుడి కాడ దింపుతా సార్" అంటాడు. వద్దనండి. ఊరు మొదలయ్యే చోట, మొదటి కిరాణా కొట్టు దగ్గర దిగి అక్కడి నుంచి నడవండి. సొంత బండి ఉన్నా సరే, ఒకచోట పెట్టి తాళం వేసి మర్చిపోండి. బండి మీద గల్లీ తిరిగితే మీకు కనిపించేది స్పీడ్‌బ్రేకర్లే.

4. మొదటి గంట హోటల్లో

పొద్దున ఏడింటికి ఏ పేటలోనైనా ఒక హోటల్ దగ్గర పొగ లేస్తూ ఉంటుంది. బెంచీ మీద కూర్చుని చాయ్ చెప్పండి. ఫోన్ జేబులో పెట్టండి. పార్సిల్ వద్దు. ఎవరూ పలకరించకపోతే రెండో చాయ్ చెప్పండి. ఈలోగా ఎవరో ఒకరు అడుగుతారు.

"ఏ ఊరు సార్ మనది?"

"ఇదే ఊరన్నా, రామగిరిల ఉంటం."

"గిదే ఊరైతే కొత్తగ చూస్తున్నవేంది?"

ఇక్కడ నవ్వేసి ఉన్నమాట చెప్పండి: "ఎప్పుడూ ఇటు రాలేదన్నా, ఇయాల సెలవని వచ్చిన." ఇంతకంటే మంచి పరిచయం లేదు. యూట్యూబ్ వీడియో కోసమనో, రీసెర్చ్ అనో చెబితే మాట తీరే మారిపోతుంది.

తర్వాత మీ ప్రశ్న తీయండి. "ఇక్కడ ఫేమస్ ఏంటి?" అని మాత్రం అడగకండి. "ఏముంది సార్, ఏం లేదు" అన్న జవాబు తెలంగాణ అంతటా ఒక్కటే. మార్పు గురించి అడగండి. "తాతా, ఈ చెరువు ఎండిపోయిన ఏడు నీకు యాదికుందా?" అన్నారంటే ఆయన కుర్చీ మీ వైపు జరుపుకుంటాడు.

పిలుపు సంగతి. పెద్దవాళ్లను తాతా, అవ్వా, పెద్దమ్మా, చాచా అనండి, మీ ఈడువాళ్లను అన్నా, అక్కా, భాయ్ అనండి. కొత్తచోట "బాబూ" అని పిలిస్తే పై నుంచి చూసినట్టు ఉంటుంది. మిమ్మల్ని ఎవరైనా "మీరేమోళ్లు?" అని అడగొచ్చు. కోపం తెచ్చుకోకుండా మాట మళ్లించండి, మీరు మాత్రం ఎవరినీ అడగొద్దు.

హోటల్ లేని పేటయితే? పాల కేంద్రం, బస్సు కోసం నిలబడే చోటు, ఇస్త్రీ బండి. ఇస్త్రీ చేసే అన్నకు ఎవరిల్లు ఎక్కడో అందరికంటే బాగా తెలుసు.

5. బొడ్రాయి ఎక్కడుందో అడగండి

ఈ ఒక్క అడుగూ వదలకండి. దక్షిణ తెలంగాణలో పట్టణంలో కలిసిన పేటలు చాలావరకు ఒకప్పుడు విడి ఊళ్లు. ఊరు కట్టినప్పుడు నడిమధ్య పాతిన రాయి బొడ్రాయి. అది దొరికితే పాత ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మీ కాళ్లకే తెలిసిపోతుంది. దాని చుట్టూ గల్లీలు వంకరగా, ఇరుకుగా ఉంటాయి. నాలుగు మలుపులు తిరిగి రోడ్డు తిన్నగా, వెడల్పుగా మారిందంటే మీరు ప్లాట్లు చేసిన కాలంలోకి వచ్చేసినట్టు.

గుర్తుపట్టడం: చౌరస్తాలో మోకాలెత్తు రాయి, పసుపు కుంకుమ, కొన్నిచోట్ల చుట్టూ ఇనుప కంచె. ఈమధ్య చాలా ఊళ్లలో కొత్తగా ప్రతిష్ఠ చేసి గ్రానైటు గద్దె కట్టారు, కాబట్టి రాయి కొత్తగా ఉందని కొట్టిపారేయకండి. దొరక్కపోతే కుర్రాళ్లను అడగొద్దు, అరుగు మీద కూర్చున్న అవ్వను అడగండి. "ఎవలింటికొచ్చిండ్రు బిడ్డా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. జవాబు చెప్పి, ఆ తర్వాత అడగండి.

హెచ్చరిక: గద్దె మీద కూర్చోవద్దు, చెప్పులతో ఎక్కొద్దు, నీళ్ల సీసా దానిమీద పెట్టొద్దు.

అక్కడి నుంచి చుట్టూ చూడండి. పోచమ్మ గుడి, ముత్యాలమ్మ గుడి, పీర్ల కొట్టం ఆ దగ్గర్లోనే ఉంటాయి. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు హిందువులు కూడా మొక్కుకునే ఆచారం ఈ జిల్లాల్లో ఉంది, ఆ కొట్టం తాళం ఎవరింట్లో ఉంటుందో అడిగితే ఒక మంచి సంభాషణ దొరుకుతుంది. ఇళ్ల వైపు చూసేటప్పుడు తల ఎత్తండి. కింది అంతస్తుకు టైల్స్, షట్టర్లు వచ్చేసి ఉంటాయి. పైన, పక్క గోడలో, ఇంకా గూనపెంకులు, డంగుసున్నపు పూత, చెక్కడం ఉన్న దర్వాజా చట్రం మిగిలి ఉంటాయి. ఒకే గోడలో అడుగున రాయి, దానిమీద మట్టి, దానిమీద ఇటుక కనిపిస్తే ఆ ఇంటికి ఎప్పుడెప్పుడు డబ్బొచ్చిందో చదివినట్టే.

6. నీళ్ల దగ్గరకు నడవండి

పానగల్లులో అయితే ఉదయసముద్రం. పేరుకు సముద్రం, పుట్టుకకు చెరువు. కందూరు చోళులు పానగల్లు కేంద్రంగా ఏలిన కాలం నాటిది. ఇప్పుడు ఇది 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. మీరు రాత్రి రాసుకున్న ప్రశ్న నీళ్ల గురించే అయితే జవాబు ఇక్కడ ఉంది: సాగర్ వెనక జలాల్లో పుట్టంగండి దగ్గర కృష్ణ నీటిని పంపులతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోస్తారు. ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ అక్కడి నుంచి దీన్ని నింపుతుంది. వానమీద ఆధారపడ్డ పాత చెరువు కాస్తా కరెంటు మీద ఆధారపడ్డ చెరువైంది. ఈ మాట కట్ట మీద నిలబడి ఎవరైనా రైతుతో అనండి, మీకంటే పది విషయాలు ఎక్కువ చెబుతాడు.

ఏ పేట చెరువు దగ్గరైనా మూడు చోట్లు వెతకండి: తూము, అలుగు, కట్ట మైసమ్మ. తూము ఎటు ఉంటే పొలాలు అటు. అలుగు పారే దారిలో ఇళ్లు కట్టి ఉంటే వానాకాలంలో ఏ గల్లీ మునుగుతుందో మీరే చెప్పగలరు. పేటలో ఇల్లు కొనాలనో అద్దెకు దిగాలనో చూస్తున్నవాళ్లకు ఈ ఒక్క చూపు బ్రోకరు మాటలన్నిటికంటే ఎక్కువ.

హెచ్చరిక: నీళ్లలో దిగకండి. రాతి కట్ట పాచి పట్టి ఉంటుంది, కాలువలో నీటి వేగం పైకి కనిపించదు. ఈత వచ్చినవాళ్లు కూడా కాలువల్లో పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. తూము గోడ ఎక్కి సెల్ఫీ అసలు వద్దు.

7. ఇప్పుడు గుడికి, కానీ నెమ్మదిగా

పానగల్లులో రెండు చూడాలి, రెండూ కందూరు చోళుల కాలానివే. ఊళ్లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం, ఊరి అవతల పొలాల మధ్య ఉన్న ఛాయా సోమేశ్వరాలయం.

పచ్చల సోమేశ్వరంలో పడమటి వైపు మూడు, తూర్పు వైపు ఒకటి, మొత్తం నాలుగు గర్భాలయాలు, మధ్యలో అందరికీ కలిపి ఒకే మండపం. నేరుగా లోపలికి పోకండి. ముందు బయట గోడ చుట్టూ ఒకసారి తిరగండి. రామాయణ, భారత ఘట్టాలు వరుసగా చెక్కి ఉంటాయి. అన్నీ గుర్తుపట్టాలని టెన్షన్ పడొద్దు. ఒక్క బొమ్మ దగ్గర ఆగి, ఎవరు ఎవరిని చూస్తున్నారు, చేతిలో ఏముంది, కింద ఏ జంతువుంది అని చూడండి. ఉదయం ఏటవాలు ఎండలో చెక్కడం లోతుగా కనిపిస్తుంది, నడినెత్తి ఎండలో గోడ చదునైపోతుంది. అందుకే ఇది పదింటిలోపు పని. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం, చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడ ఉన్నాయి.

శాసనం మీద అక్షరాలు కనిపించట్లేదని సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు పోయడం చేయకండి. టార్చిని పక్క నుంచి వేస్తే అక్షరం లేచి కనిపిస్తుంది. ఇందుకే టార్చి తెమ్మన్నది.

ఛాయా సోమేశ్వరం మూడు గర్భాలయాల త్రికూటం. శివలింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా ఒకేచోట ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. దాన్ని ఒక్క నిమిషం చూసి, దండం పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఆ గుడి కట్టినవాడికి అన్యాయం చేసినట్టే. ఇలా చేయండి:

- ముందు నీడ వచ్చే గర్భగుడి ఎదురుగా నిలబడి, ఆ నీడ ఏ స్తంభానిదో ఊహించండి.
- మండపంలో ఆ స్తంభం దగ్గర మనిషిని నిలబెట్టి నీడ మారిందా అని చూడండి. తర్వాత ఇంకో స్తంభం దగ్గర.
- లోపలికి వెలుగు ఎన్ని వైపుల నుంచి వస్తోందో లెక్కపెట్టండి.

ఏ ఒక్క స్తంభానికో ఆ నీడను కట్టబెట్టలేమని మీకే అర్థమవుతుంది. ఎండ నేరుగా పడదు, పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకుని గోడ మీద ఒకే చీకటి పట్టీగా చేస్తాయి. సిద్ధాంతం ఇంతకుమించి వద్దు. పొద్దున ఒకసారి చూసి, వీలైతే నాలుగింటికి మళ్లీ వచ్చి చూడండి. నీడ చోటు మారకపోయినా దాని ముదురు రంగు మారుతుందేమో మీరే తేల్చుకోండి. పూజ జరుగుతున్నప్పుడు ఈ ప్రయోగాలు పెట్టుకోవద్దు. పూజారిని అడిగి చేస్తే ఆయనే నిలబడి చూపిస్తారు. గుడి ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కూడా అప్పుడే అడిగేయండి.

దారిలో కోతులు. చేతిలో పాలిథిన్ కవరు కనిపిస్తే అందులో ఏమున్నా వాటిదే. కొబ్బరికాయ సంచిలో దాచండి, లాక్కుంటే వదిలేయండి, పళ్లు చూపించి నవ్వొద్దు.

8. మధ్యాహ్నం ఆగండి

పన్నెండు నుంచి మూడున్నర దాకా ఏ పేటలోనూ ఏమీ జరగదు. భోజనం చేయండి, చెట్టు కింద కూర్చుని పొద్దుటి నుంచి చూసింది రాసుకోండి. మెస్సు దొరకకపోతే టిఫిన్ బండి, అరటిపళ్లు, బత్తాయి రసం. ఎవరైనా "అన్నం తిన్నవా?" అంటే అది మర్యాద మాట కావచ్చు, మూడోసారి కూడా అంటే నిజంగా పిలిచినట్టు. తినండి.

9. సాయంత్రం అదే గల్లీ, అటు నుంచి ఇటు

నాలుగున్నరకు పొద్దున నడిచిన దారినే ఎదురు దిక్కు నుంచి నడవండి. అరుగుల మీద ఆడవాళ్లు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు, తెరుచుకున్న మిర్చిబజ్జీ బండి. పొద్దున చూసిన పేట ఇదేనా అనిపిస్తుంది. పొద్దున మాట్లాడిన తాత మళ్లీ కనిపిస్తే ఈసారి ఆయనే పిలుస్తాడు.

ఈ వేళలోనే రెండు జాగ్రత్తలు. ఒకటి, పిల్లలు. వాళ్ల ఫొటోలు తీయొద్దు, చాక్లెట్లు ఇవ్వొద్దు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు లేచి తెలంగాణ ఊళ్లలో అమాయకుల మీద దాడులు జరిగాయి. అలాంటి పుకారు ఈరోజు ఆ గల్లీలో ఉందో లేదో మీకు తెలియదు. రెండు, కుక్కలు. సందులోకి వెళ్లగానే మొరిగితే పరుగెత్తకండి, ఆగి, పక్కకు తిరిగి, మెల్లగా వెనక్కి రండి. కరిస్తే గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, కారం, సున్నం పెట్టే వైద్యం వద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పదిమంది గుంపుగా వెళ్లడం మొదటిది. గుంపు తనలో తనే మాట్లాడుకుంటుంది, ఊరు పక్కకు తప్పుకుంటుంది. ఇద్దరు చాలు, ముగ్గురు ఎక్కువ. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి జంకుతుంటే తోడు ఒకరిని తీసుకుని ఉదయం పూట పెట్టుకోండి. మగవాళ్లకు ఎప్పటికీ తెరుచుకోని వాకిళ్లు మీకు తెరుచుకుంటాయి, ఈ విషయంలో లాభం మీదే.

రెండోది, చూసే చోట్ల జాబితా రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పరుగెత్తడం. జాబితాలో సగం మిగిలినా పరవాలేదు.

మూడోది, ఇంట్లోకి తొంగిచూడటం. పాత ఇల్లు బాగుందని వాకిట్లో నిలబడి ఫొటో తీస్తే ఎవరికైనా మండుతుంది. "అక్కా, ఈ దర్వాజా ఎప్పటిది?" అని అడగండి. చాలాసార్లు లోపలికి పిలిచి దూలాలు కూడా చూపిస్తారు. పిలవకపోతే అక్కడితో సరి. దర్గాలోనైతే ఎంతవరకు వెళ్లొచ్చో ముజావరును అడగండి, కొన్నిచోట్ల ఆడవాళ్లకు బయటి వరకే.

ఇంకొకటి, ఒకరు చెప్పిన కథను చరిత్రగా రాసేసుకోవడం. ఏ గుడి దగ్గరైనా కాశీ దాకా సొరంగం ఉందంటారు. కథను కథగానే రాసుకోండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి.

సరిగా జరిగిందో లేదో ఎలా తేల్చుకోవాలి

రాత్రి ఇంటికొచ్చాక ఫోన్ తీయకుండా తెల్లకాగితం మీద ఆ పేట బొమ్మ గీయండి. బొడ్రాయి, హోటల్, గుడి, చెరువు, మీరు తిరిగిన మలుపులు. తర్వాత మ్యాపుతో పోల్చండి. దూరాలు తప్పినా సరే, ఏది దేనికి ఎటు పక్క ఉందో సరిపోతే మీరు నిజంగా నడిచినట్టే. గుడి ఒక్కటే కాగితం మధ్యలో తేలుతూ, చుట్టూ ఖాళీ ఉంటే మీరు గుడికి వెళ్లొచ్చారు, పేట చూడలేదు.

ఇంకో పరీక్ష: ఇంట్లోవాళ్లకు ఆ పేటలో దారి చెప్పండి. "హోటల్ దాటాక వేపచెట్టు కాడ ఎడమకు" అని నోటికి వస్తుందా? మాట్లాడినవాళ్లలో ఒక్కరి పేరైనా గుర్తుందా? మళ్లీ వెళ్లడానికి ఒక చిన్న పని దొరికిందా, కుండ కొనడమో, చెప్పు కుట్టించుకోవడమో? ఇవేవీ లేక ఫోన్ నిండా ఫొటోలు మాత్రమే ఉంటే, వచ్చే సెలవుకు మళ్లీ అదే పేటకు వెళ్లండి. కొత్తది ఎంచుకోవద్దు.

వేరే ఊళ్లవాళ్లకు

మహబూబ్‌నగర్: పాత పాలమూరు నుంచి పెద్ద చెరువు దాకా మీ హద్దు. ఊరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టింది 1890లో. జనం మాటల్లో ఇప్పటికీ పాలమూరే, ఎవరు ఎప్పుడు ఏ పేరు వాడతారో చెవి పెట్టి వినండి. పిల్లలమర్రికి వెళ్లే పనైతే ఊడల్ని చూసి వచ్చేయకుండా కొమ్మలకు ఆసరాగా కట్టిన దిమ్మెలు చూడండి. చెదలు పట్టి కొమ్మ విరిగాక, 2018లో ఆ చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు.

వనపర్తి: సంస్థానం కోట భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. సెలవు రోజున గేటు మూసి ఉంటుంది, పనిదినాన వెళ్లి ఆఫీసులో అడిగి చూడండి. చుట్టూ ఉన్న పాత బజారుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దేవరకొండ: ఖిల్లా ఎక్కాలనుకుంటే తెల్లవారుజామునే ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగి, మిగతా రోజు కింద పేటకు ఇవ్వండి. ముళ్ల పొదలు, వదులు రాళ్లు ఉంటాయి, ఇక్కడ మాత్రం బూట్లే వేసుకోండి. ఒంటరిగా వద్దు.

గద్వాల: కోట లోపల చెన్నకేశవస్వామి గుడి చూసి, అక్కడి నుంచి మగ్గాల చప్పుడు వినిపించే గల్లీ పట్టుకుని నడవండి. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు ఎలా పెనవేస్తారో మగ్గం పక్కన నిలబడి చూస్తే తప్ప తెలియదు. కొనే ఉద్దేశం లేకపోతే ఆ మాట గుమ్మంలోనే చెప్పేయండి. చూడనిస్తారు. మీకు చూపించడానికి మగ్గం ఆపబోతే వద్దనండి, వాళ్లకు కూలి చీర లెక్కన.